గోదావరి డెల్టాలో ఊరి చరిత్ర: ఏ ప్రశ్నకు ఏ సంస్థ గడప తొక్కాలి

ఊరి చరిత్ర రాయాలని పూనుకున్నవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే దారి తప్పుతారు. కొందరు నేరుగా చెన్నై రైలెక్కి, పాత సర్కారు దస్త్రాలు ఉండే ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో నాలుగు రోజులు కూర్చుని, తమ ఊరి పేరు ఒక్కచోటా కనబడక తిరిగొస్తారు. కొందరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులను కలిసి, వారు వేసిన మొదటి రెండు ప్రశ్నలకే జవాబు లేక వెనక్కి తగ్గుతారు. ఇంకొందరు గుడి స్థలపురాణమూ, పెద్దవాళ్లు చెప్పిన మాటలూ కలిపి అచ్చు వేయించేస్తారు.

ఆధారాలకు ఈ నేలన కొరత లేదు. రాళ్ల మీద శాసనాలు, రాగిరేకులు, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) లెక్కలు, కాలవల ప్లానులు, ఇనాం రిజిస్టర్లు (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూముల లెక్కలు), పాత పత్రికలు, అన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక్కచోట లేవు. ఏ కాగితమైనా దాన్ని రాయించినవారి వారసుల దగ్గరే ఉంటుంది. శిస్తు లెక్క రెవెన్యూ శాఖలో, కాలవ లెక్క ఇంజనీర్ల దగ్గర, గుడికిచ్చిన దానం గుడి స్తంభం మీద, బట్టల బేరం ఆ కంపెనీ దేశంలో. అందుకని సంస్థ పేరు ఎంత పెద్దదో చూసి ఎంచుకోకండి. మీకు కావలసిన కాగితం ఎవరు, ఎందుకు, ఏ ఏడాది రాసి ఉంటారో ఊహించి ఎంచుకోండి.

బయల్దేరే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది ఏడాది. ఏడాది తెలిస్తే ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉందో తెలుస్తుంది. ఆర్కైవ్స్‌లో దస్త్రాలన్నీ జిల్లా పేరు మీదే సర్ది ఉంటాయి. డెల్టాలో జిల్లాల పేర్లు మారినన్నిసార్లు పరిశోధకులు పొరపాటు పడుతుంటారు.

1859 వరకు ఇది రాజమండ్రి జిల్లా. ఏలూరు వైపు ఊళ్లను మచిలీపట్నం కింద వెతకాలి. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1904లో ఏలూరు, ఎర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటితో పశ్చిమ గోదావరి ఏర్పడింది, మిగిలిన గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీశారు. భీమవరం పక్క ఊరొకటి తీసుకోండి. దాని 1880 నాటి కాగితం గోదావరి జిల్లాలో, 1910 నాటిది కృష్ణాలో, 1930 నాటిది పశ్చిమ గోదావరిలో ఉంటుంది. ఊరు అంగుళం కదల్లేదు. ఈ వరుస తెలియక, 1910 నాటి ఫైలు కోసం గోదావరి జిల్లా సూచిక మొత్తం తిరగేసి "మా ఊరి రికార్డు తగలబడిపోయిందట" అని తేల్చేసినవాళ్లున్నారు.

లంక గ్రామాలకు ఇంకొక తిప్పలుంది. గోదావరి ఒక గట్టు కోసి అవతలి గట్టున ఇసుక మేట వేస్తుంది. అదే లంకను నలభై ఏళ్ల తేడాతో తీసిన రెండు పటాల్లో చూస్తే రెండు ఆకారాలు. పటం మీద తేదీ చూడకుండా విస్తీర్ణం రాసుకోవద్దు.

రెండోది ఊరి రకం. అది సర్కారు ఊరా, జమీందారీ ఊరా, అగ్రహారమా? దీన్నిబట్టే ఏ రిజిస్టరు పుట్టిందో తెలుస్తుంది. పిఠాపురం వంటి సంస్థానాల కింద ఉన్న ఊళ్లకు పంతొమ్మిదో శతాబ్దపు రైత్వారీ (సర్కారు నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకునే పద్ధతి) సెటిల్‌మెంటు రిజిస్టరు అడిగితే దొరకదు. శిస్తు వసూలు జమీందారుదే కాబట్టి సర్కారు పొలం పొలానికీ లెక్క రాయలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ సర్వే, సెటిల్‌మెంటు జరిగి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (పొలాల వారీ భూమి లెక్క) తయారైంది. అంతకు ముందరి సంగతికి సంస్థానం కాగితాలు, కోర్టు దావాలు, రెవెన్యూ బోర్డు ఉత్తరప్రత్యుత్తరాలే దిక్కు.

మూడోది ప్రశ్న. "మా ఊరి చరిత్ర కావాలి" అంటే ఏ గుమాస్తా కూడా లేచి బీరువా తీయడు. "1860 ప్రాంతంలో మా ఊరి అగ్రహారికులు ఎవరు, ఎంత భూమి, ఎవరిచ్చారు" అంటే ఏ బీరువా తీయాలో ఆయనకే తెలుస్తుంది.

ఇంటికి దగ్గర: రాజమండ్రి, కాకినాడ

ఎవరికైనా మా సలహా ముందు ఇక్కడే నాలుగు రోజులు గడపమని. అసలు దస్త్రాలు ఇక్కడ తక్కువే. అయినా ఇదివరకు ఎవరు ఏం రాశారో తెలిసేది ఇక్కడే, ఆ పుస్తకాల పుటల అడుగున ఉన్న అధోజ్ఞాపికలే తర్వాతి ప్రయాణానికి టికెట్లు.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడింది. పాత తెలుగు పత్రికలు, ఇప్పుడు అచ్చులో లేని పుస్తకాలు, తాళపత్రాలు దీని బలం. ఇక్కడ విషయం చెప్పి అడిగితే పని జరగదు. పుస్తకం పేరు, రచయిత, సుమారు ఏడాది రాసుకుని వెళ్లాలి. పత్రిక అయితే నెల, సంవత్సరం చెప్పాలి. కాగితం పెళుసుగా ఉన్న సంచికల్ని జిరాక్సు యంత్రం మీద నొక్కితే మడత దగ్గర విరిగిపోతాయి. ఫోనుతో ఫొటో తీసుకోడానికి అనుమతి అడగండి.

అదే ఊళ్లో రాళ్ళబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాల ఉంది. దీని వెనుక ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఉంది. 1922లో, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంలో, చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు వంటివారు ఆ మండలిని నిలబెట్టారు. వారిలో ప్లీడర్లున్నారు, పండితులున్నారు. విశ్వవిద్యాలయం ఇంకా లేని ఊళ్లో శాసనాలు సేకరించి, చదివి, అచ్చువేశారు. 1926 నుంచి వచ్చిన మండలి పత్రిక పాత సంపుటాల్లో డెల్టా రాగిరేకులు, నాణేలు, గుళ్ల మీద వ్యాసాలున్నాయి. ఇంత పని చేసిన సంస్థ మన ఊళ్లోనే పుట్టిందని ఇక్కడి డిగ్రీ విద్యార్థులకు పాఠంలో చెప్పాలి. మీ ఊరి పేరు ఆ సంపుటాల విషయసూచికలో ఉందేమో చూడటానికి ఒక పూట చాలు. అంతర్జాలంలోని ఉచిత పుస్తక భాండాగారాల్లో కూడా చాలా సంపుటాలు దొరుకుతాయి.

కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో జయంతి రామయ్య పంతులు పూనికతో మద్రాసులో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చింది. సాహిత్యం, తాళపత్రాలు, పిఠాపురం సంస్థానం పోషణతో జరిగిన నిఘంటు కృషి, ఇవి మీ విషయమైతే ముందు కాకినాడ వెళ్లండి. భూమి, శిస్తు, కాలవలు విషయమైతే అక్కడ మీకు పెద్దగా పనిలేదు.

స్వాతంత్ర్యోద్యమం, గ్రంథాలయోద్యమం, సంఘసంస్కరణ మీద రాసేవాళ్లు వేటపాలెం సారస్వత నికేతనం కూడా చూడాలి. డెల్టాకు దూరమే. కానీ 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల ఫైళ్లు వరసగా ఉన్నాయి. 1902 నుంచి కృష్ణా పత్రిక, 1914 నుంచి దినపత్రికగా ఆంధ్రపత్రిక నడిచాయి. పత్రికలకు విషయసూచిక ఉండదు, కాబట్టి తేదీ పట్టుకుని వెళ్లాలి. "ఉప్పు సత్యాగ్రహం" అని వెళ్తే వారం పడుతుంది. "1930 ఏప్రిల్, మే" అని వెళ్తే రెండు రోజులు.

భూమి కాగితాలు: తహశీల్దారు కచేరీయా, రాష్ట్ర ఆర్కైవ్సా, చెన్నైయా

ఇక్కడే ఎక్కువ సమయం, డబ్బు వృథా అవుతాయి, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

అగ్రహారం లేదా ఇనాం ఊరికి అన్నిటికన్నా విలువైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఒక్కొక్క ఇనాం విచారించి రాసినది. ఎవరి పేర ఉంది, ఎంత విస్తీర్ణం, ఎవరు ఇచ్చారని చెప్పుకుంటున్నారు, ఏ సన్నదు (దానపత్రం) చూపించారు, అనుభవంలో ఎవరున్నారు, చివరికి కమిషన్ ఏం తేల్చింది, ఇవన్నీ గడుల్లో ఉంటాయి. చివర టైటిల్ డీడ్ నంబరు, అదే మనవాళ్లు టి.డి. నంబరు అంటారు. గుడి మాన్యాలు, చెరువు మాన్యాలు, వృత్తి మాన్యాలు, మంగలి చాకలి మాన్యాలు కూడా అందులోకి వస్తాయి. అందుకని ఊళ్లో కులవృత్తుల చరిత్రకు ఇంతకు మించిన ఆధారం తక్కువ. "ఎవరిచ్చారు" గడిలో రాసినది ఇనాందారు చెప్పుకున్న మాట అని మరవద్దు. మూడు వందల ఏళ్ల కిందటి రాజు పేరు అక్కడ ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. విస్తీర్ణం, అనుభవదారు గడులను మాత్రం గట్టిగా నమ్మవచ్చు, సర్కారు శిస్తు వాటి మీదే ఆధారపడింది.

సర్కారు ఊరికి రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అంటే ఆర్.ఎస్.ఆర్. అడగాలి. దానితోపాటు గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం). పొలం పేర్లు, కాలవ కింద ఏది, మెట్ట ఏది, పోరంబోకు ఏది, శ్మశానం ఎక్కడ, పాత రేవు ఎక్కడ, అన్నీ వీటితో తేలతాయి.

ఈ రెండింటికీ మొదటి అడుగు తహశీల్దారు, కలెక్టరు కచేరీలే. నోటిమాటగా అడిగితే "పాతవి లేవండీ" అంటారు. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలుకు పుటకు 2 రూపాయలు. గడువు 30 రోజులు. దరఖాస్తులో "చరిత్ర" అనే మాటే రాయొద్దు. ఆ చట్టం కింద వాళ్ల దగ్గరున్న కాగితం ఇస్తారే గాని, మీ కోసం పరిశోధన చేసి పెట్టరు. గ్రామం పేరు, పాత తాలూకా పేరు, రిజిస్టరు పేరు, సర్వే నంబరు లేదా టి.డి. నంబరు రాసి, "అసలు పుట ఫొటో నకలు" అని స్పష్టంగా అడగండి. టైపు చేసిన ధ్రువీకృత ప్రతి కోర్టుకు చెల్లుతుంది. చరిత్రకు మాత్రం ప్రమాదం, ఎందుకంటే చేతిరాత అంకెలు, ఇంటిపేర్లు తిరగరాయడంలోనే తప్పులు దొర్లుతాయి.

కచేరీలో లేదని రాసిచ్చాక రాష్ట్ర ఆర్కైవ్స్. ఉమ్మడి రాష్ట్రంలో పోగైన దస్త్రాలు హైదరాబాదు తార్నాక భవనంలో చేరాయి. రాష్ట్రం విడిపోయాక ఏది ఎవరి అధీనంలో ఉందన్నది సంపుటాన్నిబట్టి మారుతుంది. అందుకని ముందు పాత పరిశోధన గ్రంథాల అధోజ్ఞాపికల్లో ఆ సంపుటం ఏ ఆర్కైవ్స్‌ది అని ఉందో చూసి, సంపుటం సంఖ్యతో ఉత్తరం రాసి, జవాబు వచ్చాకే బస్సెక్కండి.

మరి చెన్నై ఎప్పుడు? పై అధికారి ఏం ఆలోచించాడు అన్నది మీ ప్రశ్న అయినప్పుడు. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు వ్యవహారాలు (ప్రొసీడింగ్స్), పబ్లిక్ వర్క్స్ శాఖ వ్యవహారాలు ఉన్నాయి. ఈ బోర్డు 1786లో ఏర్పడింది. జమీందారు శిస్తు బకాయి, కరువు, 1839 నవంబరు కోరంగి తుఫాను తర్వాతి పరిస్థితి, ధవళేశ్వరం ఆనకట్టకు ముందు 1844లో మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదిక మీద చర్చ, ఇలాంటివాటికి చెన్నై తప్పదు. ఫలానా రైతు పొలం ఎంత అన్నదానికి అక్కడికి వెళ్లడం దండగ.

చెన్నైలో పని నడిచే తీరు ఇది. విద్యాసంస్థ నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, ఫొటోలు, మీ విషయం, కాలం రాసిన దరఖాస్తు ఇవ్వాలి. మొదటి రోజు అనుమతికే పోతుంది. తర్వాత సంవత్సరాల వారీ సూచికలు చూసి, వ్యవహారం తేదీ, సంఖ్య చీటీ మీద రాసివ్వాలి. సంపుటం వచ్చేసరికి మధ్యాహ్నమో మర్నాడో అవుతుంది. కాబట్టి రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకుంటే చేతికి ఏమీ రాదు. సెలవులు లేని ఐదు పనిదినాలు చూసుకోండి. సూచికలు ఆంగ్లంలో ఉంటాయి, పేర్లు ఆనాటి ఉచ్చారణలో ఉంటాయి. కాకినాడ కోకనాడగా, ఏలూరు ఎల్లోరుగా, పాలకొల్లు పాల్కోలుగా కనబడతాయి. మీ ఊరి పేరు ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఓ పది రకాలు ముందే రాసిపెట్టుకోండి.

కాలవల గురించి మరొక మాట. "మా ఊరికి నీళ్లెప్పుడొచ్చాయి" అన్న ప్రశ్నకు ఊరి పేరుతో వెతికితే దొరకదు, కాలవ పేరుతో వెతకాలి. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట కింద పని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా సాగింది. మీ చేను ఏ పంట కాలవ కిందిది, అది ఏ ప్రధాన కాలవ నుంచి, ఏ లాకుల దగ్గర చీలుతుందో ముందు నీటిపారుదల సిబ్బందిని, పాత లస్కర్లను (కాలవల కాపలాదారులను) అడిగి గీసుకోండి. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో నమూనాలు, పటాలు చూస్తే ఆ అల్లిక ఒక్క పూటలో అర్థమవుతుంది. అసలు ఉత్తర్వుల కోసం మళ్లీ చెన్నైలోని పబ్లిక్ వర్క్స్ వ్యవహారాలే.

లెక్కల్లో ఫసలీ ఏడాది (జూలైతో మొదలయ్యే శిస్తు లెక్కల ఏడాది) కనబడితే 590 కలపండి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు. ఒక్కటే సంవత్సరంగా రాసేస్తే కరువు, వరదల తేదీలు తప్పుతాయి.

ఇవేవీ దొరకని చోట కరణం గారి ఇంటి అటక గుర్తుంచుకోండి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్లలో పాత లెక్కలు కచేరీకి చేరక ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ కుటుంబాన్ని గౌరవంగా అడిగి, వాళ్లింట్లోనే కూర్చుని, వాళ్ల ఎదుటే ఫొటో తీసుకోండి. కట్ట బయటికి తీసుకెళ్తామనకండి.

శాసనాలు: అచ్చు సంపుటమా, మైసూరా, మీ కళ్లా

గుడిలో శాసనం కనబడగానే పొడి సున్నమో పిండో రుద్ది ఫొటో తీయడం మనవాళ్ల అలవాటు. అది అక్షరాన్ని తినేస్తుంది. ముందు చూడవలసింది ఆ శాసనం ఇదివరకే నకలు తీసి అచ్చయిందా అని. భారత పురావస్తు శాఖ శాసన విభాగం 1887 నుంచి ఏటా తాము చూసిన శాసనాల జాబితా అచ్చువేసింది. ద్రాక్షారామం భీమేశ్వరాలయ శాసనాలకు 1893లోనే నకళ్లు తీశారు. వాటి పాఠాలు దక్షిణభారత శాసనాల నాల్గవ సంపుటంలో ఉన్నాయి. 1948 నాటి పదో సంపుటం మద్రాసు రాష్ట్రంలోని తెలుగు శాసనాలకే కేటాయించారు.

అచ్చు సంపుటంలో సౌకర్యం ఏమిటంటే పాఠం చేతిలో ఉంటుంది. లోపం ఏమిటంటే తాత్పర్యం ఉండదు, పైన ఆంగ్లంలో నాలుగు ముక్కలు ఉంటాయంతే. ఏటా వచ్చిన జాబితాలో సారాంశం ఉంటుంది, పాఠం ఉండదు. ఆ సారాంశం ఒక్కటే చూసి రాసినవాళ్లు దానం ఇచ్చినవారిని పుచ్చుకున్నవారిగా రాసిన సందర్భాలున్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అప్పటికీ సందేహం తీరకపోతేనే మైసూరు. శాసన విభాగం ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది, కాగితం మీద సిరాతో తీసిన అసలు నకళ్లు అక్కడ భద్రపరిచారు. నూట ముప్పై ఏళ్ల కిందట తీసిన నకలులో ఉన్న అక్షరం ఇప్పుడు రాతి మీద అరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు రాయి కంటే నకలే మేలు. ఉత్తరంలో ఊరు, గుడి, జాబితా సంవత్సరం, సంఖ్య రాయాలి. ఈ నాలుగూ లేని ఉత్తరానికి జవాబు ఆశించవద్దు.

తేదీ దగ్గర ఎక్కువమంది జారిపడతారు. శకవర్షానికి 78 కలపాలని అందరికీ తెలుసు. శాసనంలో అంకెలకు బదులు మాటలుంటేనే చిక్కు. ఆ మాటల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మన డెల్టాలోనే, గోదావరి గట్టున దొరికిన కోరుమిల్లి రాగిరేకుల్లో రాజరాజనరేంద్రుడి పట్టాభిషేక సంవత్సరం "వేద, అంబురాశి, నిధి" అని ఉంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. రాసిన వరసలో 449 వస్తుంది. తిప్పి చదివితే శకం 944. దానికి 78 కలిపితే 1022. వరస తిప్పడం మరిస్తే రాజు అయిదు వందల ఏళ్లు వెనక్కి పోతాడు. మాసం, తిథి, వారం కూడా ఉంటే పంచాంగ గణితంతో సరిచూసుకోవచ్చు. ఈ పనికి విశ్వవిద్యాలయ చరిత్ర, పురావస్తు విభాగం వారి సాయం అడగడంలో నామోషీ లేదు.

కొత్త శాసనం బయటపడితే, గుడి రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖకు, కాకపోతే దేవాదాయ శాఖ అధికారికి తెలిపి అనుమతి తీసుకోండి. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఏటవాలు వెలుగులో తీసిన ఫొటోలో అక్షరం బాగా లేస్తుంది. పక్కన స్కేలు పెట్టి, మొత్తం రాయి ఒకటి, వరుసల వారీగా దగ్గరివి కొన్ని తీయండి. గుడి బాగుచేయిస్తూ పాత స్తంభాలకు రంగు కొట్టే ముందు ఈ పని చేయించగలిగితే ఊరికి గొప్ప మేలు.

యానాం, నరసాపురం, పాలకొల్లు ప్రత్యేకం

యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది. కాబట్టి దాని ఆధారాలు చెన్నై మార్గంలో కాక పుదుచ్చేరి, ఫ్రాన్సు మార్గంలో నడుస్తాయి. ఫ్రాన్సు విదేశీ భూభాగాల ఆర్కైవ్స్ ఏక్స్ ఆన్ ప్రోవాన్స్‌లో ఉంది. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1955లో మొదలైంది, గ్రంథాలయం, పటాల కోసం అక్కడ అడగవచ్చు. ఫ్రెంచి రాకుండా ఈ పని సాగదు. భాష వచ్చినవారిని ఒకరిని జతచేసుకోండి.

నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు, పాలకొల్లులో డచ్చివారు వర్తక స్థావరాలు పెట్టారు. ఇంజరం, బెండమూర్లంకల్లో కూడా కుంఫిణీ బట్టల బేరం సాగింది. డచ్చి కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో, ఇంగ్లీషు కుంఫిణీవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, చెన్నైలో ఉన్నాయి. వీటికోసం విమానం ఎక్కనక్కర్లేదు. ముందు ఆ విషయం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో (పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం) చదివి, ఒకటి రెండు సంపుటాల సంఖ్యలు తేల్చుకుని, స్కాన్ ప్రతి అడిగితే సరిపోతుంది.

విశ్వవిద్యాలయం దేనికి, దేనికి కాదు

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 2006లో రాజమండ్రిలో మొదలైన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, రాజమండ్రి పక్క బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయపు సాహిత్య పీఠం. ఈ మూడింటి మధ్య ఎంచుకునేటప్పుడు భవనాలు చూడకండి, ఫలానా ఆచార్యులు ఫలానా కాలం మీద పనిచేశారా అని చూడండి. శాసనాలకు పురావస్తు శాఖ ఉన్న చోటు, తాళపత్ర సాహిత్యానికి సాహిత్య పీఠం. ఆధునిక కాలపు స్థానిక చరిత్రకు దగ్గరలో ఉండి నెలకోసారి కలవగలిగే మార్గదర్శకులు దొరికే చోటు మేలు.

ఊరి చరిత్ర ఒక్కటీ రాయాలంటే పీహెచ్‌డీ అక్కర్లేదు. పీహెచ్‌డీ అంటే నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, ఒక వాదం నిలబెట్టాలి. ఊరి చరిత్రకు వాదం కన్నా ఆధారాల సేకరణ ముఖ్యం. విశ్వవిద్యాలయం నుంచి మీకు నిజంగా కావలసినవి మూడు: ఆర్కైవ్స్‌కు పరిచయ లేఖ, రాసింది చదివి తప్పులు పట్టే మనిషి, గ్రంథాలయంలో కూర్చునే హక్కు. పరిచయ లేఖ దగ్గర్లోని డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకులు, ప్రిన్సిపాలు కూడా ఇవ్వగలరు. దానికోసం వైజాగ్ దాకా వెళ్లనక్కర్లేదు.

తప్పులు పట్టించుకోడానికి ఇంకో చోటు 1976లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ వార్షిక సదస్సు. ఊరి చరిత్ర మొత్తం పట్టుకెళ్లకండి. ఒక శాసనం, ఒక కాలవ, ఒక మాన్యం తగాదా, ఇలా ఒక్క ముక్క తీసుకుని పది నిమిషాల్లో చెప్పగలిగేలా రాసుకుంటే, విన్నవారు ఆధారం ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతారు.

పెద్దవాళ్ల మాట రికార్డు చేసేటప్పుడు సంవత్సరం అడగొద్దు, గుర్తు అడగండి. 1953 వరద ముందా, 1986 వరద తర్వాతా, 1996 తుఫాను నాటికి ఈ ఇల్లుందా, ఫలానా పుష్కరాలకు రేవు ఎక్కడుంది. ఇలా అడిగితే తేదీలు వాటంతటవే తేలతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. 1972లో ఏర్పడిన భారత చరిత్ర పరిశోధన మండలి ఫెలోషిప్పులు, ప్రయాణ సహాయం, ప్రచురణ సహాయం ఇస్తుంది. ప్రణాళికతో, అర్హతలతో దరఖాస్తు చేసే పరిశోధకులకు అది సరైన చోటు. ఊరి పుస్తకానికి ఊరివాళ్ల చందాలే వేగంగా వస్తాయి. అయితే చందా తీసుకునే ముందే, ఏ పేరు ఉండాలి, ఏ తగాదా ఉండకూడదు అన్నది చందాదారుల చేతిలో ఉండదని రాసుకోండి. మాన్యాలు, కులవృత్తులు, దళితవాడ భూముల అధ్యాయాలే ముందు కత్తిరింపుకు గురవుతాయి.

ఇంట్లో ఉన్నవి ఎవరికి ఇవ్వాలి

తాళపత్రాలు, పాత దస్తావేజులు, రాగిరేకు ఇంట్లో ఉన్నవాళ్ల ప్రశ్న ఇది. ముందు చట్టం. భూమిలో దొరికిన రాగిరేకు, నాణేల సంగతి 1878 నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు, డెబ్భై అయిదేళ్లు దాటిన చారిత్రక విలువ గల రాతప్రతి పురావస్తువు కిందికి వస్తాయి, విదేశానికి పంపడానికి లేదు.

రాగిరేకును చింతపండుతో తోమకండి. పచ్చని చిలుముతోపాటు లోతు తక్కువైన గీతలు కూడా పోతాయి. తాటాకు తడిస్తే ఎండలో పెట్టకండి, మెలితిరిగి పగులుతుంది. నీడన, గాలి తగిలేలా, ఆకుల మధ్య అద్దుడు కాగితం పెట్టి ఆరనివ్వాలి. డెల్టా ఉక్కపోతకు ఇనుప బీరువా అడుగు అర మంచిది కాదు, వరద నీరు ముందు చేరేది అక్కడికే.

ఇవ్వదలిస్తే ఇలా ఎంచుకోండి. రాగిరేకు, నాణెం, విగ్రహం ప్రదర్శనశాలకు. తాళపత్రాలు, సాహిత్యం గౌతమీ గ్రంథాలయానికో కాకినాడ పరిషత్తుకో. కరణం లెక్కలు, కుటుంబ దస్తావేజులు చరిత్ర విభాగం ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి. అక్కడ వాటిని చదివే విద్యార్థి ఉంటారు. మరో చోట అవి మూటలోనే ఉండిపోతాయి. వస్తువు ఇంట్లోనే ఉంచుకుని డిజిటల్ ప్రతి మాత్రం ఇవ్వడం కూడా మంచి మార్గమే. అసలు ఒకచోట, ప్రతి ఇంకోచోట ఉంటే ఒక వరదకు రెండూ పోవు.

తాటాకును ఫ్లాట్‌బెడ్ స్కానరు మూత కింద నొక్కకండి, పైనుంచి కెమెరాతో తీయండి. ప్రతి ఆకుకు రెండు పుటలు, పక్కన స్కేలు, రంగుల పట్టీ. కాగితాలకు 400 డీపీఐ, టిఫ్ రూపం. ఫైలు పేరులో ఊరు, కట్ట సంఖ్య, ఆకు సంఖ్య, ముందు లేదా వెనుక అన్నవి వరసగా ఉండాలి. దానం ఇచ్చే రోజున రెండు ప్రతుల్లో జాబితా రాయండి. ఎన్ని కట్టలు, కట్టకు ఎన్ని ఆకులు, ఎన్ని విరిగినవి, కుటుంబానికి డిజిటల్ ప్రతి ఇవ్వాలన్న షరతు. ఒక ప్రతి మీద సంస్థ ముద్ర, తేదీ, సంతకం, చేర్పు సంఖ్య (సంస్థ తన జాబితాలో దానికి ఇచ్చే సంఖ్య) వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. రేపు మీ మనవలు వెళ్లి ఆ కట్ట చూపించమంటే ముందు అడిగేది ఆ చేర్పు సంఖ్యే.